కొల్లేటికి పడమర

నేను కంప్యూటర్ ఆటలు ఆడను. వాటికి మ్యాపులు, మిషన్లు తయారు చేస్తాను. లెక్కల టీచరుగా రిటైరయ్యాక కొనుక్కున్న కంప్యూటర్లో ఒక యుద్ధం ఆట ఉంది. దానితోపాటే ఎడిటర్ అనేది ఒకటి వచ్చింది. అందులో నేలంతా గళ్లు గళ్లుగా ఉంటుంది. ఏ గడిలో నీరు, ఏ గడిలో మెరక, ఊరు ఎక్కడ, శత్రువు ఎటునుంచి ఎప్పుడు రావాలి, దేన్ని కాపాడుకుంటే గెలిచినట్టు, అన్నీ మనమే నిర్ణయించవచ్చు. ఏళ్ల తరబడి పిల్లల చేత గ్రాఫులు గీయించినదాన్ని కనుక నాకది తొందరగానే పట్టుబడింది. అలా తయారైన ఒక్కో ఆట ఘట్టమే మిషన్. పూర్తయిన ప్రతి మిషన్‌కూ ఆనాటి తేదీనే పేరుగా పెట్టి దాచుకుంటాను.

ఆడేది మా అక్క. ఆమెది మండవల్లి, చేపల చెరువులున్నాయి. తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఒక మిషన్ ఆడి, ఓడితే తప్పు నాదనీ గెలిస్తే తెలివి తనదనీ తేల్చి వెళ్లేది.

అలాంటిది ఆమెకు పక్షవాతం వచ్చింది. ఏలూరు ఆస్పత్రిలో చేర్చాం. మాట పోలేదు, కుడి చెయ్యి బాగుంది, ఎడమ కాలు మెల్లగా కోలుకుంది. ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. తనకు ఎడమ పక్కన ఏముందో ఆమెకు తెలిసేది కాదు. కంచంలో కుడి సగం తినేసి, "పప్పు వెయ్యలేదేమే?" అనేది. పప్పు ఎడమ సగంలో చల్లారిపోతూ ఉండేది. చూపులో లోపం లేదనీ, మెదడే ఆ పక్కను లెక్కలోకి తీసుకోవడం లేదనీ డాక్టరుగారు చెప్పారు. అది కుదుటపడేదాకా సొంత ఊరికి పంపవద్దన్నారు. ఆ మాటకు నేను ఎదురు చెప్పలేకపోయాను. అక్క రోజూ పొద్దున్నే చెరువు గట్టు మీద నడిచివెళ్లి, దగ్గరుండి మేత వేయిస్తుంది. ఆ గట్టుకు రెండు పక్కలా నీళ్లే. ఒక పక్క నీళ్లే కనిపించే మనిషి రెండో పక్కకు జరుగుతూ పోతుంది.

ఆమెను మా ఇంటికి తెచ్చుకున్నాను. వ్యాయామం చేయించడానికి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది.

"ఎడమ వైపు చూడండమ్మగారూ."

"చూశానండీ."

"ఏం కనిపించిందండీ?"

"ఏముందీ, మా చెల్లెలి ముఖం. రోజూ చూసేదేగా."

నేను ఆమెకు కుడి వైపున నిలబడి ఉన్నాను.

పొద్దుపోక ఒకరోజు ఆట పెట్టమంది. పాత మిషన్ ఒకటి పెట్టాను. శత్రువులు తెరకు ఎడమ వైపు నుంచి వచ్చి ఆమె కాపాడవలసిన గాదె తగలబెట్టారు. తనకు తెలియకుండా గాదె ఎలా కాలిందని, నేనేదో మోసం చేశానని ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. నాకు మాత్రం ఒక దారి కనిపించింది. ఆటతోనే ఆమె చూపును ఎడమకు రప్పించవచ్చా అని ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగాను. "వ్యాయామం మానకుండా చేయించండి, మంచిదేనండీ," అంది.

మొత్తం నేల ఒకే తెరలో పట్టేటంత చిన్న మ్యాపు చేశాను. గాదెను సరిగ్గా మధ్యలో పెట్టాను. తర్వాతి మిషన్‌లో నాలుగు గళ్లు ఎడమకు, ఆ తర్వాత మరో నాలుగు గళ్లు. అక్క వెతుక్కుంటూ వచ్చేది. తెరలో కుడి నుంచి ముప్పాతిక దాకా వచ్చి ఆగిపోయింది. చివరి పాతికలో ఏం పెట్టినా ఆమెకు లేనట్టే. రంగులు మార్చాను, గంట మోగేలా పెట్టాను. ఫలితం లేదు.

అప్పుడు మా ప్రాంతాన్నే మ్యాపుగా వేశాను. నడుమ కొల్లేరు, పైన ఏలూరు, కుడి పక్క తాడేపల్లిగూడెం, ఎడమ కింద మండవల్లి. వరద పెడదామంటే ఆ ఆటలో నీరు పెరగదు. అందుకని శత్రువుల పడవలకే, కొల్లేటిలో కలిసే వాగు పేరున, బుడమేరు వరద అని పేరు పెట్టి ఎడమ నుంచి వదిలాను. సొంత ఊరన్నాక చూడకుండా ఉండదనుకున్నాను.

అక్క ఏలూరును కాపాడింది, తాడేపల్లిగూడెం చుట్టూ కాపలా పెట్టింది. ఎడమ పక్కన మండవల్లి పడిపోతోంది. ఆమె గెలిచినంత ధీమాగా కూర్చుంది.

"మరి మీ ఊరో?" అన్నాను.

"మా ఊరెక్కడ పెట్టావే? నీ గూడేన్ని మాత్రం మేడలతో కట్టుకున్నావు. మాది కనీసం పాకైనా వెయ్యలేదు."

ఎడమ చూడు అని నెలల తరబడి అంటూనే ఉన్నాం. ఆ మాటకు ఆమె దగ్గర అర్థం లేదు. మరేమీ తోచక, "కొల్లేటికి పడమర ఏముందక్కా?" అన్నాను.

"అదేం ప్రశ్న? పడమరంటే మేమేగా," అంటూ తల తిప్పింది. మౌస్ సరస్సు దాటి అంచు దాకా వెళ్లింది. కాసేపు చూసి, "ఇదుగో. ఇందాక లేదు. నేను అడిగాక పెట్టావు కదూ?" అంది.

మా వైపు ఇంట్లో కూడా దిక్కులతోనే మాట్లాడతాం. పడమటి గది, తూర్పు అరుగు, ఉత్తరపు కిటికీ అంటాం తప్ప కుడి ఎడమలు అనం. పుట్టినప్పటినుంచీ ఉన్న ఆ దిక్కులు ఆమెకు చెడలేదు. ఆ రోజు నుంచి మిషన్లలో వచ్చే సందేశాలన్నీ దిక్కులతోనే రాశాను. ఆ ఆటకు తెలుగు అక్షరాలు రావు కనుక ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగే రాశాను. భోజనానికి ఆమెను ఉత్తర ముఖంగా కూర్చోబెట్టి, "పడమర పక్క పప్పుంది," అనేదాన్ని. కంచం ఖాళీ అయ్యేది.

అయితే లెక్క ఇంకా పూర్తి కాలేదు. ఉత్తరానికి తిరిగితేనే ఎడమ పడమర అవుతుంది. గట్టు మీద దక్షిణానికి నడిస్తే ఎడమ పక్క తూర్పు. అందుకని మ్యాపును తలకిందులు చేసి దక్షిణాన్ని పైకి తెచ్చాను. అక్క మండిపడింది.

"దక్షిణాన్ని నెత్తికెక్కించావేమిటే? పంతులమ్మవై ఉండీ."

"ఇప్పుడు తూర్పు ఎటుందో చెప్పు."

ఈసారి ఎడమ అంచున ఉన్నది తాడేపల్లిగూడెం. పడవలూ అటునుంచే వచ్చాయి. మొదటిసారి మునిగిపోయింది. "పోతే పోయిందిలే, నాతో వచ్చెయ్యి," అంది. మర్నాడు దాన్ని కాపాడి, ఆ మేలును నాకు గుర్తుచేస్తూనే ఉంది. కొన్నాళ్లకు, నేను అడగకముందే, ముందు తను ఎటు తిరిగి ఉందో పైకి చెప్పుకోవడం అలవాటు చేసుకుంది.

ఆ బాగుపడటంలో ఆటది ఎంత, వ్యాయామానిది ఎంత, కాలానిది ఎంత అని నేను విడదీయలేను. ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగితే తనకూ తెలియదని నిజాయితీగా చెప్పింది. ఆట అమ్ముకుని ఊరుకోక, ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోమని ఎడిటర్‌ను కూడా అందులో ఉంచిన మనుషులు ఎవరో, ఏ దేశంలో ఉన్నారో నాకు తెలియదు. ఆటలో యుద్ధాలు తప్ప వేరే పని వాళ్లు ఊహించి ఉండరు. వాళ్లను నేను తరచూ తలుచుకుంటాను.

డాక్టరుగారు ఒప్పుకున్నాక ఫిజియోథెరపీ అమ్మాయితో కలిసి ముగ్గురం మండవల్లి వెళ్లాం. నేను నోరు మెదపకూడదని ఆ అమ్మాయి దారిలోనే హెచ్చరించింది. గట్టు మీద అక్క ముందు, ఆమె వెనకే చెయ్యి చాపుకుని ఆ అమ్మాయి, ఆ వెనక నేను.

"దక్షిణానికి పోతున్నాను. తూర్పున పెద్ద చెరువు," అంటూ అక్క గట్టు నడుమనే నడిచింది. చివర వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. ఈసారి దిక్కు చెప్పుకోలేదు. నా నోటి దాకా వచ్చిన మాటను మింగేశాను.

అక్క తల మెల్లగా తిరిగింది.

"ఉత్తరానికి పోతున్నాను. పడమర పిల్లల చెరువు. పిల్ల చేపలకు మేత చాల్లేదండీ, చూశారా, ఎలా గట్టెంబడి మూగాయో."

చూశానండీ అంటూ ఆ అమ్మాయి చాపిన చెయ్యి దించేసింది.

ఆ సాయంత్రం అక్క బట్టల సంచి ఆమె ఇంట్లోనే దించి, నా సంచితో నేను బస్సెక్కాను.