ఇమాం హుస్సేను గంట

వెంకటేశ్వరమ్మ దగ్గర బుట్టెడు మిరపకాయలు పుచ్చుకుని ఇమాం హుస్సేను గడియారం ముల్లు తిప్పాడని పర్చూరంతా చెప్పుకున్నారు. ముల్లు తిప్పాడు, నేనక్కడే ఉన్నాను. మిరపకాయలు మాత్రం అబద్ధం. ఆవిడ తోట అప్పటికింకా పూత మీదే ఉంది, కాయలెక్కడివి?

ఆయిలింజన్లు బాగుచేసే హుస్సేనుకు ఒకటే పిచ్చి, అన్నిటికీ గడువు పెట్టడం. బాగుచేసిన ఇంజను పది నిమిషాల్లో బావిలో నీళ్ళు తోడి షెడ్డు ముందున్న తొట్టి నింపాలి. లేకపోతే షెడ్డులో పెట్టిన అలారం గడియారం మోగేది. మోగేటప్పుడు గడియారం వెనక కీ తిరిగేది, దానికి కట్టిన పురికొస చుట్టుకుని డీజిలు కొళాయి మూసేసేది. ఇంజను గుటకలు మింగి ఆగేది. ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు.

షెడ్డుకొచ్చి కబుర్లు చెప్పేవాళ్ళకీ పది నిమిషాలే. భార్య జుబేదా తిట్లకీ అంతే. గంట మోగితే ఆవిడే మళ్ళీ కీ ఇచ్చి, తిట్లు ఆగిన చోటునుంచి అందుకునేది.

ఆ రోజు చెంచురామయ్య కొత్తింజను తొట్టి నింపకుండానే గంట మోగింది.

"జానెడు వెలితేరా! ఇంకో రెండు నిమిషాలియ్యరా!"

"కుదరదు మావా. విప్పాల్సిందే."

విప్పితే గొట్టంలో గుడ్డపీలిక దొరికింది.

తర్వాత వెంకటేశ్వరమ్మది. నాలుగు చేతులు మారిన ఇంజను. సాయంత్రంలోగా తడి పెట్టకపోతే పూతంతా రాలిపోతుందని ఆవిడ బండి కట్టించుకుని మరీ నిలబడింది. హుస్సేను ఇంజనును ఒకసారి తడిమి చూసి, ముల్లు అరగంటకు తిప్పాడు.

డుగ్... డుగ్... ఒక డుగ్గుకీ ఇంకో డుగ్గుకీ మధ్య ఆకూవక్కా వేసుకోవచ్చు. ఇరవై నాలుగో నిమిషానికి తొట్టి నిండింది.

"బండెక్కించండమ్మా!" అన్నాడు హుస్సేను.

"నాకు పదీ, ఆవిడకి ముప్పయ్యా?" చెంచురామయ్య ఎగిరిపడ్డాడు. మిరపకాయల బుట్ట అక్కడే పుట్టింది.

మర్నాడు నేనే వెళ్ళాను. జుబేదా మోకాలి నొప్పి, మా గేదె ఈత, పక్కింటి గోడ తగాదా అన్నీ అయ్యాక, "ఒరేయ్ హుస్సేనూ, అసలెందుకు తిప్పావురా?" అని అడిగేశాను.

చేతులు తుడుచుకుంటూ నవ్వాడు.

"ఇంజను బాగుందో, లేదో తెలియడానికక్కా గంట. కొత్తది ఆలస్యం చేస్తే లోపల జబ్బున్నట్టు. ఆవిడది ముసలిది, దాని నడకే అంత. నిదానంగా నడిచేదాని గొంతు నొక్కితే ఎట్టా? నీ సంగతే చూడు. అసలు మాటకి రావడానికి నీకు ముప్పావుగంట పడుద్ది. ఇన్నేళ్ళలో నీకెప్పుడన్నా గంట మోగిందా?"