పిప్పరమెంట్ల సీసాలో చేపలు

మనవరాలి అద్దాల తొట్టిలో చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరిస్తే నేను చూడలేను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, మార్కాపురం పలకల గనిలో దుమ్ము పీల్చి పీల్చి మా నాయన మంచాన పడ్డాడు. ఆ రోజుల్లోనే, కొట్టువాళ్లు పారేసిన పిప్పరమెంట్ల సీసా నాకు దొరికింది. అడుగున ఇసుక పోసి, వాగులోని నాచు తెచ్చి నాటి, రెండు చేపపిల్లల్ని వదిలాను. పిల్లి ముట్టకుండా మూత బిగించాను. మర్నాడు అవి పైకొచ్చి నోళ్లు తెరిచి మూస్తుంటే, ఆకలనుకుని మెతుకులు వేసి మళ్లీ మూత పెట్టాను.

నాయన కూడా అలాగే నోరు తెరిచి పడుకున్నాడు. గంజి తీసుకెళ్లాను.

"ఆకలి గాదమ్మా," అన్నాడు ఆగి ఆగి. "ఊపిరాడకుంటే ఇట్లనే నోరు తెరుస్తారు."

పరుగెత్తి సీసా మూత తీశాను. అప్పటికే రెండూ వెల్లకిలా తేలాయి.

నాయనకు ఏ మూత తీయాలో ఎవరికీ తెలియలేదు.