పెట్టెలకు జ్వరం చూసినవాణ్ణి

ఆ రోజుల్లో మనిషి ఎక్కడికి వెళ్లినా ముందు నుదురు చూపించాల్సి వచ్చేది. బస్సెక్కాలన్నా, గేటు దాటాలన్నా, పచ్చిమిరపకాయలు కొనుక్కోవాలన్నా ఎవరో ఒకరు పిస్తోలులాంటి పరికరాన్ని నుదుటికి గురిపెట్టి, అంకె చూసి, సరే పొమ్మనేవారు. "ఆ రోజుల్లో" అన్నానని నన్ను మరీ ముసలివాణ్ణి చేసేయకండి, కరోనా రెండో ఏడాది సంగతి ఇది. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. కరీంనగర్‌లో బీకాం పూర్తిచేసి, ఆ చదువుతో ఏం చేయాలో కరీంనగర్‌కు గానీ నాకు గానీ తోచక, మా అక్క మొగుడి పుణ్యమా అని దుబాయ్ వచ్చి పడ్డాను. (ఉండేది అజ్మాన్‌లో. మా ఊళ్లో దాన్ని కూడా దుబాయ్ అనే అంటారు.) పని జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోదాములో. అక్కడ బావ ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు, నేను కాగితాలు నడిపేవాణ్ణి. ఆరు నెలల ప్రొబేషన్‌లో నాలుగు నెలలు ఎవరి కంటా పడకుండా గడిపేశాను. ఉద్యోగంలో నాకున్న ముఖ్యమైన ప్రతిభ అదే.

మా ముదీర్, అంటే గోదాము మేనేజరు, ఈజిప్టు మనిషి. కోపం వచ్చినా గొంతు పెంచేవాడు కాదు, ఏ సంగతినైనా "ఖలాస్" అనే ఒక్క ముక్కతో ముగించేవాడు. లారీ కదిలితే ఖలాస్. టీ అయిపోతే ఖలాస్. నాకంటే ముందు నా కుర్చీలో కూర్చున్న మలయాళీ ఆయన విషయంలోనూ అదే మాట అని, వీసా రద్దు కాగితం మీద సంతకం పెట్టాడట. అది విన్నప్పటి నుంచి ఆ మాట చెవిన పడితే ఎవరి గురించా అని చుట్టూ చూసేవాణ్ణి.

జులైలో ఆరు చెక్కపెట్టెలు వచ్చాయి. దుబాయ్‌లో స్థిరపడిన ఒక పెద్దావిడవి. ఆవిడ తాత ఎప్పుడో మూకీల కాలంలో సినిమా దర్శకుడట. పెట్టెల్లో ఉన్నవన్నీ ఆయన తీసిన సినిమాల రీళ్లే. విమానాలు సరిగా నడవక ఆవిడ ఎక్కడో చిక్కుకుపోయింది కాబట్టి తను వచ్చేదాకా మా దగ్గర ఉంచమన్నారు. జాబితాలో ఒక్కో సినిమాకు ఒక్కో లైను రాసి ఉంది: "గుడ్డి తల్లి, మంచుతుఫాను, తప్పిపోయిన బిడ్డ, మూడు రీళ్లు." "గుర్రపు దొంగ, పాస్టరు గారి కూతురు, తగలబడే పశువుల కొట్టం, రెండు రీళ్లు." ఆ ప్రకారం సగం ఏడుపులు, సగం కౌబాయ్‌లు. దర్శకుడి పేరు చెప్పినా మీకు తెలియదు. నేను ఇంటర్నెట్‌ను అడిగితే అది కూడా నాలుగు లైన్లు చెప్పి తప్పుకుంది.

ప్రతి సరుకుకీ ఒక హామీపత్రం ఉంటుంది. పేలునా, అంటుకొనునా, విషవాయువు వదులునా అంటూ పదకొండు ప్రశ్నలు. సినిమాలే కదా, మహా అయితే బోర్ కొడతాయి అనుకుని, చదవకుండానే పదకొండింటికీ "కాదు" అని టిక్కు పెట్టి, కింద తోక బారుగా సంతకం చేశాను. బావ ఆ పెట్టెలను చివరి వరుసలో, గాలి బయటకు లాగే పెద్ద ఫ్యాను పక్కన, నేల మీదే దించాడు.

మర్నాడు మధ్యాహ్నం చపాతీ తింటూ, ఏమీ తోచక ఆ నాలుగు లైన్లూ మళ్లీ తెరిచాను. కింద ఇంకో లంకె ఉంది, నొక్కాను. నొక్కకుండా ఉండాల్సింది. మూకీల కాలపు ఫిల్ము మందుగుండుకు దగ్గరి చుట్టమట. పాతబడి కుళ్లిందంటే వాసన వస్తుందట, ఆ తర్వాత ఎండాకాలపు వేడికే తనంతట తాను అంటుకుంటుందట. అంటుకున్నాక నీళ్లలో ముంచినా ఆరదట, ఇసుక పోసినా ఆరదట. బయట నలభై ఏడు డిగ్రీలు. మా షెడ్డుకు ఏసీ లేదు. మిగిలిన చపాతీని డబ్బాలోనే పెట్టేసి లేచాను.

అసలు భయం ఇంకొకటుంది. గోదాములో సిగరెట్ కాల్చడానికి గేటు దగ్గర ఎండలో ఒక చోటు కేటాయించారు. అంత దూరం నడవడం ఇష్టంలేక ఒక మనిషి రోజుకు మూడుసార్లు చివరి వరుస వెనక్కి వెళ్లి, పొగ ఫ్యాను లాగేసేలా చూసుకుంటూ కాల్చేవాడు. ఆ మనిషి మా బావ. ప్రతి శుక్రవారం అక్క ఫోన్ చేసి చివర్లో ఒకే మాట అనేది: "మీ బావను జెర చూసుకో తమ్మీ." చూసుకుంటున్నాను అనేవాణ్ణి. ఏం చూసుకుంటున్నానో చెప్పేవాణ్ణి కాదు.

ముదీర్‌కు చెప్పొచ్చు కదా అని మీరు అడుగుతారు. చెప్తే ముందు ఆ కాగితం బయటికి తీస్తాడు. దాని మీద నా తోక ఉంది. తప్పుడు హామీ ఇస్తే ఇంటికి పంపుతారా, జైలుకు పంపుతారా అన్నది నాకు తెలియదు, కనుక్కునే ధైర్యమూ లేదు. అందుకని చదువుకున్నవాడు చేయాల్సిన పనే చేశాను. గేటు దగ్గరి నేపాలీ వాచ్‌మన్‌ను బతిమాలి జ్వరం చూసే పిస్తోలు అడిగి తెచ్చి, పెట్టెలకు జ్వరం చూడటం మొదలుపెట్టాను. రోజుకు నాలుగుసార్లు. మొదటి పెట్టెకు ముప్పై ఎనిమిది, రెండోదానికి ముప్పై తొమ్మిది, మూడోదానికి నలభై ఒకటి. ఒకరోజు వెనకాలే వచ్చి నిలబడ్డ వాచ్‌మన్ చాలా జాలిగా అడిగాడు: "బాక్స్ కో భీ కరోనా హై క్యా, భాయ్?"

నాలుగో రోజుకు మూడో పెట్టె సందుల్లోంచి వాసన రావడం మొదలైంది, పుల్లగా, గాటుగా, నూడుల్స్ బండి మీది వెనిగర్ సీసాలా. కుళ్లిపోతోందన్నమాట. ఆ రోజు నుంచి నేను పెట్టెల దగ్గర తుమ్మడం కూడా మానేశాను.

"బావా, ఇక్కడ సిగరెట్ తాగకు," అన్నాను ఎలాగో.

"ఎందుకురా?"

"గోడకు మసి పడుతది."

"గోడ మీ తాతదా? ముదీర్ చెప్పిండా?"

"లేదు."

"అయితే మీ అక్కనే. నిన్ను నౌకరి చెయ్యమని తోలిందారా ఈడికి, నా మీద సీఐడీ చెయ్యమని తోలిందా?"

తొమ్మిది రోజులు అలా గడిచాయి. బస్సులో కళ్లు మూస్తే గుడ్డి తల్లి, తెరిస్తే బావ జేబులో లైటరు. పదో రోజు మధ్యాహ్నం ఆ లైటరు వెలగలేదు. రెండుసార్లు విదిలించి, ఫ్యాను గాలికి అడ్డం ఉంటుందని బావ వెళ్లి మూడో పెట్టె పక్కనే ఒంగాడు. నేను ఎగిరి లైటరు లాక్కున్నాను. బావ మీద చెయ్యి వేయడం జన్మలో అదే మొదలు.

"ఏందిరా, దయ్యం పట్టిందా?"

"అవి సినిమాలు బావా. కాలుతయ్."

"సినిమాలు కాలుడేందిరా? ఆడుతయ్, లేకుంటే పోతయ్."

"వందేండ్ల కిందటివి. ఉత్త వేడికే అంటుకుంటయట. నీళ్లల్ల ముంచినా ఆరయట."

బావ పెట్టె వైపు చూశాడు. దాని మూత మీద తన సిగరెట్ బూడిదే చిన్న కుప్పగా ఉంది. "నీకెప్పటిసంది తెలుసు?"

"తొమ్మిది రోజులసంది."

"తొమ్మిది రోజులసంది నేను దీని మీదనే కూసుంటున్న!" బావ పెట్టెకు దూరంగా జరిగి కూర్చున్నాడు. "గోడకు మసి పడుతదన్నవు గదరా!"

ముదీర్‌కు చెప్దాం పద అన్నాడు. సంతకం నాది అన్నాను. పదకొండు టిక్కుల సంగతీ చెప్పాను. బావ నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత, "నీ బీకాం మీద మన్నువడ," అని లేచి ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కాడు.

పక్క షెడ్డులో చాక్లెట్లు దాచే చల్లటి గది ఉంది. అందరూ భోజనానికి పోయిన గంటలో ఆరు పెట్టెలనూ అందులోకి మార్చేయాలన్నది మా పథకం. అంత నెమ్మదిగా నడిచిన ఫోర్క్‌లిఫ్ట్‌ను నేను మళ్లీ చూడలేదు. నేను ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ చేతులు ఊపుతున్నాను, బావ పెదవులు కదుపుతూ ఏ దేవుడికో మొక్కుకుంటున్నాడు. ఐదు పెట్టెలు లోపలికి చేరాయి. ఆఖరుది, ఆ వాసన వచ్చే మూడో పెట్టె, తెస్తుంటే చల్లగది గుమ్మం దగ్గర గడపకు చక్రం తగిలి ఫోర్క్‌లిఫ్ట్ ఒక్క కుదుపు కుదిపింది. పెట్టె జారింది, పడింది, పలకలు ఊడాయి. లోపలి రేకు డబ్బాలు నాలుగు దిక్కులా దొర్లాయి. ఒకదాని మూత ఎగిరిపోయి, రీలు లేచి నిలబడి, నల్లటి తోకను వదులుకుంటూ ఎండపడే వాకిలి వైపు పరుగు తీసింది.

నేను రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నేల మీద బోర్లా పడ్డాను. మరుక్షణం నా మీద బస్తాలా బావ పడ్డాడు. కళ్లు గట్టిగా మూసుకుని మనసులో అంకెలు లెక్కపెట్టాను. పన్నెండు దాకా వచ్చాక ఏమీ కాలలేదని అనుమానం వచ్చింది.

తల ఎత్తితే రీలు ఒక జత నల్లబూట్లకు కొట్టుకుని ఆగి ఉంది. ముదీర్. ఆయన పక్కన తెల్ల కాన్వాస్ బూట్లు వేసుకున్న పెద్దావిడ. దొరకదనుకున్న విమానం దొరికి, చెప్పకుండా వచ్చేసింది.

"మీరిద్దరూ ఏం చేస్తున్నారు?" అని అడిగింది ఇంగ్లీషులో, కోపంగా కాదు, తెలుసుకోవాలని.

బీకాం మూడేళ్లలో రాని ఇంగ్లీషు నాకు ఆ నిమిషంలో వచ్చింది. కుళ్లు వాసన, నలభై ఒక్క డిగ్రీల జ్వరం, పదకొండు టిక్కులు, అన్నీ కక్కేశాను. ఆవిడ వంగి ఫిల్ము అందుకుని, దాని అంచు నా ముక్కు ముందు పెట్టింది. చీమల్లాంటి అక్షరాల్లో "సేఫ్టీ" అని ఉంది. బడుల్లో పిల్లలకు చూపించడానికి తాత అప్పట్లోనే చిన్న కాపీలు తీయించాడట. ఇవి కాలే రకం కాదట. ఆ పులుపు వాసన కూడా మామూలు ఫిల్ము ముసలిదైతే వచ్చేదేనట. మొదటిరోజే ఒక్క డబ్బా తెరిచి చూస్తే తెలిసిపోయేది. భయపడి తెరవలేదు.

"మరి అసలువి, మేడమ్?"

"అవా? నేను పుట్టకముందే ఇలాంటి ఒక గోదాములోనే కాలిపోయాయి. ఒక్కటీ మిగల్లేదు." ఆవిడ రీలును జాగ్రత్తగా చుట్టుకుంటూ అంది: "నీ భయం తప్పు కాదు బాబూ. ఆలస్యంగా వచ్చింది, అంతే. ఆ గోదాములో నీలాంటి పిరికివాడు ఒక్కడుంటే బాగుండేది."

ముదీర్ హామీపత్రం తెప్పించాడు. పైనుంచి కిందిదాకా చదివాడు. "అన్నీ నో?" అన్నాడు. తల ఊపాను. "నో కరెక్టే కదా," అన్నాడు. నిజమే. చదవకుండా పెట్టిన టిక్కులన్నీ ఒప్పు, చదివి పడ్డ భయమంతా తప్పు. తర్వాత ఆయన ఊడిన పెట్టె మూత తిప్పి, దానికి అంటుకున్న బూడిద ఎవరిదని అడిగాడు. బావ లేచి నిలబడి, "మేరా, సార్," అన్నాడు. వార్నింగ్ లెటర్ ఒకటి, "ఖలాస్" ఒకటి ఇచ్చి ముదీర్ వెళ్లిపోయాడు. ఖలాస్ అంటే సంగతి అయిపోయింది అని కూడా కావచ్చని ఆ రోజే మొదటిసారి తోచింది.

ఆ శుక్రవారం ఆవిడ మా ఇద్దరినీ తన ఇంటికి పిలిచి, గోడకు దుప్పటి కట్టి గుర్రపు దొంగ సినిమా వేసింది. మధ్యమధ్య వచ్చే అక్షరాలు చదివి నేను బావకు తెలుగులో చెప్పాను. పశువుల కొట్టం అంటుకున్నప్పుడు బావ నా మోచేయి పట్టుకుని, సినిమా అయ్యేదాకా వదల్లేదు. ఆ తర్వాత సిగరెట్ కూడా మానేశాడు. ఆ ఘనత అక్క ఇప్పటికీ నా ఖాతాలోనే వేస్తుంది, నేనూ కాదనను.

ఇప్పుడు నేను అదే ఫ్రీ జోన్‌లో, ఇంకో కంపెనీలో, కొత్తగా చేరినవాళ్లకు ప్రమాదకర సరుకుల గురించి పాఠాలు చెప్తాను. పదకొండు ప్రశ్నలూ పైకి చదివిస్తాను, పెట్టెలు వాసన చూడమంటాను. సార్ మరీ పిరికి అని వెనక గుసగుసలు వినిపిస్తాయి. వినపడనట్టు నవ్వుకుంటాను. నెత్తిన చేతులు పెట్టుకుని బోర్లా పడుకున్న ఆ ఇరవై మూడేళ్లవాణ్ణి చూసి ఉంటే వీళ్లు ఇంకేమనేవారో!

బావను మాత్రం ఏడాదికోసారైనా అడుగుతుంటాను, ఆ రోజు నా మీద ఎందుకు పడ్డావని. "కాలు జారిందిరా," అంటాడు, ఎప్పుడూ అదే మాట. నేను తర్వాత వెళ్లి అడుగులేసి కొలిచి చూశాను. ఫోర్క్‌లిఫ్ట్ నుంచి నేను పడ్డ చోటికి ఏడు అడుగులు.