ఫొటోల్లో పడని మనిషి

ఆ వీధిలో ఎవరికి ఫొటో కావాలన్నా ‘గడ్డం పైకి’ మామయ్య దగ్గరికే వెళ్లాలి. ఆయన అసలు పేరు బోర్డు మీద ఇంతింత అక్షరాలతో ఉన్నా చదివినవాళ్లు లేరు. స్టూలు మీద కూర్చున్నది బ్యాంకు మేనేజరైనా పాలుతాగే పాపైనా ఆయన నోట వచ్చే మొదటి మాట “గడ్డం కాస్త పైకి” కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది.

“నా కెమెరా ముందు కూర్చుని బాగా పడనివాడు ఇంకా పుట్టలేదు,” అని ఆయన బాహాటంగానే అనేవాడు. చేయి తిరిగిన మనిషి, అన్నా చెల్లుతుంది. స్టూలు ఎక్కడ వెయ్యాలో నేల మీద పసుపు రంగు గీత. రెండు లైట్ల స్టాండ్లనూ ఇరవై రెండేళ్ల కిందటే మేకులు కొట్టి నేలకు బిగించేశాడు. ఊడ్చేటప్పుడు వాటిని కాస్త జరుపుకుంటానని ఇంటావిడ అంటే చాలు, ఒంటికాలి మీద లేచేవాడు.

పక్క షాపులో మూడేళ్లుగా ఓ ఫ్రిజ్ మెకానిక్ ఉండేవాడు. ఆరడుగుల పైచిలుకు నల్లజాతి మనిషి. వేరే ఖండం నుంచి పదకొండేళ్ల కిందట వచ్చి, ఇక్కడి మాటలు ఇక్కడివాళ్లకన్నా జోరుగా మాట్లాడేవాడు. రెండు షాపులకూ మధ్య ఒకటే గోడ. ఇన్నాళ్లలో ఆ గోడకు అటూ ఇటూ నడిచిన సంభాషణ “మీ బండి కాస్త తీస్తారా?” అన్నది ఒక్కటే. గొడవేమీ లేదు. ఆ మనిషితో ఏం మాట్లాడాలో మామయ్యకు తోచేది కాదు, తోచనక్కర్లేదని కూడా అనుకునేవాడు.

ఒక సోమవారం ఆ మెకానిక్ ఓ పెద్దావిడ చెయ్యి పట్టుకుని స్టూడియోలోకి వచ్చాడు.

“మాస్టారూ, మా అమ్మ. నన్ను చూడ్డానికొచ్చింది. గురువారం మధ్యాహ్నం విమానం. ఈలోగా ఆవిడకో మంచి ఫొటో తీసిపెట్టాలి.”

పెద్దావిడ తల అడ్డంగా ఊపుతూ తన భాషలో ఏదో అంది.

“వద్దంటోంది. తను ఫొటోల్లో పడదట,” అన్నాడు మెకానిక్. “నిజమే. ఇన్నేళ్లలో తీయించిన ప్రతి ఫొటోలోనూ బట్టలే పడ్డాయి, మనిషి పడలేదు. డెబ్భై ఆరేళ్లు మాస్టారూ. మళ్లీ ఇంత దూరం రాగలదో లేదో. నా దగ్గర మా అమ్మ ముఖం పడ్డ ఫొటో ఒక్కటీ లేదు.”

“నా దగ్గరా పడకపోవడం?” అంటూ మామయ్య ఆవిణ్ని పసుపు గీత మీద కూర్చోబెట్టాడు. గడ్డం కాస్త పైకి అన్నాడు. ఆవిడకు అర్థం కాకపోతే తన గడ్డం ఎత్తి చూపించాడు. ఆవిడ నవ్వుకుని ఎత్తింది.

ఫొటోలో తెల్లగోడ ధగధగలాడింది, ఆవిడ తెల్లగౌను ధగధగలాడింది, ముఖం ఉండాల్సిన చోట చీకటి. కంప్యూటర్లో వెలుగు పెంచితే ముఖానికి బూడిద పూసినట్టయింది. మర్నాడు తల్లీకొడుకులు వచ్చినప్పుడు మామయ్య ఆ బూడిద ఫొటోనే చేతిలో పెట్టాడు.

“ఏం చేస్తామండీ, ముఖమే అలాంటిది...” అని నోరు జారాడు.

మెకానిక్ గొంతు పెంచలేదు. “పాలు విరిగాయని ఎవరైనా నా దగ్గరికొస్తే, నేను పాలను తిట్టను మాస్టారూ. ఫ్రిజ్ విప్పి చూస్తాను.”

పెద్దావిడ ఫొటో చూసి, నేను ముందే చెప్పలేదూ అన్నట్టు కొడుకు వీపు తట్టింది. పైగా మామయ్యకేసి తిరిగి ఓదార్పుగా నవ్వింది. ఆ నవ్వుకు మామయ్యకు తల కొట్టేసినట్టయింది. వాళ్లు వెళ్లాక ఇంటావిడ ఒకే ఒక్క మాట అంది.

“మేకులు పీకండి.”

బుధవారం పొద్దున్నే ఆయన మూడేళ్లలో మొదటిసారి పక్క షాపు గడప ఎక్కాడు. “తమ్ముడూ, నిన్న అనకూడని మాట అన్నాను. తప్పు అమ్మగారి ముఖానిది కాదు, నాది. సాయంత్రం వచ్చి కాసేపు స్టూలు మీద కూర్చుంటావా? నేను నేర్చుకోవాలి.”

మెకానిక్ చేతిలో ఉన్న గొట్టాన్ని తుడిచి కింద పెట్టాడు. “మేకులు పీకే పట్టుకారు ఉందా? నేను తేనా?” అన్నాడు.

సాయంత్రం ఇద్దరూ చెమటలు కక్కుతూ స్టాండ్లు ఊడదీశారు. తెల్లగోడ మీద ఇంటావిడ కాఫీరంగు దుప్పటి కట్టింది. మెకానిక్ స్టూలెక్కాడు. ఒక లైటు పక్కకు జరిపితే ఫొటోలో ఒక చెంప బాగా వచ్చింది, రెండోది మాయమైంది. “ఇటువైపు నుంచి వెలుతురు వెనక్కి కొట్టడానికి తెల్లటి రేకులాంటిది కావాలి,” అని మామయ్య గొణుక్కుంటుంటే, మెకానిక్ లేచి వెళ్లి పాత ఫ్రిజ్ తలుపొకటి భుజాన వేసుకొచ్చాడు. అది గోడకు ఆనించగానే రెండో చెంపా వచ్చింది. నుదుటి మీద నిగనిగ, కనుబొమ్మ కింద చిన్న గాటు, నలుపులో ఎరుపూ గోధుమరంగూ అన్నీ వచ్చాయి. పక్కనే ఉన్న మనిషి ముఖాన్ని మామయ్య సరిగ్గా చూడడం అదే మొదలు. ఇన్నాళ్లూ చూడనందుకు ఆయనకు సిగ్గేసింది.

గురువారం పొద్దున పెద్దావిణ్ని బతిమాలి బామాలి కూర్చోబెట్టారు. కొడుకు ఫ్రిజ్ తలుపు పట్టుకున్నాడు. ఈసారి ఫొటో చేతికిచ్చాక ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఆ ముఖం మీద వేలితో మెల్లగా రాసి, ఏదో అంది.

“ఏమన్నారు తమ్ముడూ?”

“వాళ్లమ్మ కనిపిస్తోందట. అద్దంలో పని మీద చూసుకోవడమే తప్ప ఇంత తీరిగ్గా తన ముఖం ఎప్పుడూ చూసుకోలేదట.”

ఇంటావిడ కొంగుతో కళ్లొత్తుకుంది. మామయ్య కూడా కెమెరా తుడిచే గుడ్డతోనే ఆ పని కానిచ్చేశాడు.

పెద్దావిడ లేచి, ఇద్దర్నీ కూర్చోమని చేత్తో సైగ చేసింది. మామయ్య ససేమిరా అన్నాడు. ఆయన కెమెరాకు వెనకే తప్ప ముందు ఎప్పుడూ కూర్చోలేదు. ఆవిడ వింటేగా. స్టూలూ బల్లా పక్కపక్కన వేయించి, ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఫ్రిజ్ తలుపు ఇంటావిడకు అప్పగించి, కెమెరా మీదికి వంగింది. మీట ఎక్కడుందో చూసి పెట్టుకున్నట్టుంది.

“గడ్డం కాస్త పైకి!” అంది, ముక్క పొల్లుపోకుండా.

మర్నాడు మెకానిక్ ఆ రెండు స్టాండ్లకూ ఫ్రిజ్ చక్రాలు బిగించాడు. ఇప్పుడవి స్టూడియో అంతా తిరుగుతాయి. ఊడవడం తేలికైందని ఇంటావిడ సంబరపడుతోంది. వాళ్లిద్దరి ఫొటో వీధివైపు అద్దం వెనక ఉంది. ఫ్రేము కాస్త వంకరగా ఉన్నా, ఒకే వెలుతురులో ఇద్దరి ముఖాలూ చక్కగా పడ్డాయి.

“మీరు తీసినట్టు లేదే, ఎవరు తీశారు?” అని అడిగినవాళ్లకు మామయ్య గడ్డం పైకెత్తి చెబుతాడు.

“మా పెద్దమ్మ.”