మరమరాలు ఏరిన మొగుడు

మొన్న మా ఊరి పక్కనే ఉన్న హిజ్లీ కాలేజీ క్యాంపస్‌లో విద్యార్థులు వేసిన ఒక బెంగాలీ నాటకానికి నేనూ మా ఆవిడా వెళ్ళాం. నాటకం సగంలో ఉండగా భర్త భార్యను చెంప మీద కొట్టాడు. ఆ చప్పుడు చివరి వరసలో ఉన్న మా దాకా వచ్చింది. మా ఆవిడ ఉలిక్కిపడి నా మోచేయి పట్టుకుంది. హాలంతా ఆ అమ్మాయి చెంప వైపే చూసి ఉంటుంది. నేను మాత్రం ఆమె ఎడమచేతిని చూశాను. చప్పుడు అక్కడిదే. చీర మడతల చాటున తన తొడ మీద తానే చరుచుకుంది. బాగా చేసింది. ఆ చప్పుడు ఎలా పుట్టించాలో నా కళ్ళెదుట నేర్పిన మనిషి గుర్తొచ్చి, తరవాతి సన్నివేశంలో ఎవరేం మాట్లాడారో నాకు వినపడలేదు.

ఆవిడ సుగుణ టీచర్. రైల్వే కాలనీ పిల్లలకు తెలుగు చెప్పేవారు. సుభాష్‌పల్లిలో ఇల్లు. ఆదివారం ఉదయం చర్చిలో పాటలు పాడించడం, సాయంత్రాలు మా రైల్వే ఉద్యోగుల క్లబ్బు అయిన ఇన్‌స్టిట్యూట్ మేడమీద నాటికలు ఆడించడం ఆవిడకు రెండు వ్యసనాలు. పొట్టి మనిషి. పాత్రధారులైన మగవాళ్ళందరం ఆవిడకంటే ఒక తల ఎత్తుండేవాళ్ళం. మాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆవిడ తల ఎత్తేవారు కాదు, మేమే దించాల్సి వచ్చేది. ఈ బెంగాలీ ఊళ్ళో అప్పటికి తెలుగు నాటకమంటే పద్యాలు, కిరీటాలు. ఆవిడ మాత్రం మా క్వార్టర్ల గోడల వెనక రోజూ వినపడేదాన్నే రంగస్థలం మీద పెట్టేవారు. ఆ గోడల వెనక ఏం వినపడేదో మా అందరికీ తెలుసు. తెలియనట్టుండటం మర్యాద అనుకునేవాళ్ళం.

నేను వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరిన కొత్తలో, రాజుల వేషాలు దొరుకుతాయని ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళాను. అది నాకు న్యాయంగా రావలసినదనే అనుకున్నాను. శ్రీకాకుళం వైపు మా ముత్తాతలకు ఒక చిన్న ఎస్టేటు ఉండేది. నా కాలానికి మిగిలింది ఒరలేని ఒక కత్తి, మా చిన్నాన్న నోటి నిండా వంశ చరిత్ర. నా చిన్నతనంలోనే నాన్న పోతే నన్ను ఇక్కడికి తెచ్చుకుని పెంచింది చిన్నాన్నే. భూములు పోయినా తాతగారు నిటారుగానే నడిచారనీ, దొరల ముందు కూడా వెన్ను వంచలేదనీ చెప్పి, వాకిట్లో నన్ను ఆ నడక నడిపించేవాడు. వర్క్‌షాపులో నన్ను 'రాజావారు' అని పిలిచేవాళ్ళు. అది వెటకారమని తెలిసినా, పిలిస్తే పలికేవాణ్ణి.

సుగుణ టీచర్ నన్ను ఒకసారి తలుపు దగ్గర నుంచి కిటికీ దాకా నడవమన్నారు. నడిచాను. పని పోయిన ఒక కాంట్రాక్టు కూలీ వేషం ఇచ్చారు. వాడు పెళ్ళాన్ని కొడతాడు.

"మా వంశంలో ఆడదాని మీద చెయ్యెత్తినవాడు లేడండీ" అన్నాను.

"నీ వంశాన్ని ఎవరడిగినారు నాయనా? నాకు చెయ్యి కావాల" అన్నారావిడ.

భార్య పాత్ర పార్వతిది. స్టేషన్లో టికెట్లిచ్చే కౌంటర్లో ఉద్యోగం. రోజంతా జనంతో వాదించి వచ్చినా ఆ నోటికి అలుపుండేది కాదు. మొదటి రిహార్సల్లోనే టీచర్ ఒక నియమం పెట్టారు. దెబ్బ తినే మనిషే దెబ్బను నడిపించాలి. పార్వతి నా కళ్ళలోకి చూసి ఊపిరి వదిలేదాకా నా చెయ్యి గాలిలో ఆగాలి. వదిలాక కదలాలి. అరచెయ్యి ఆమె ముఖానికి జానెడు దూరంలో పోవాలి. తల తిప్పడం, చప్పుడు పుట్టించడం ఆమె పని.

"మరి నేను చేసేదేముంది?" అన్నాను.

"ఏటీ లేదు. చెయ్యి అరువిచ్చినావంతే" అన్నారు టీచర్.

నాకు తల కొట్టేసినట్టయింది. పార్వతికి మాత్రం పండగ. ఆ రోజు కావాలనే ఊపిరి బిగబట్టి నన్ను చెయ్యెత్తించి నిలబెట్టింది. భుజం లాగేస్తోంది. "రాజావారూ, దీవిస్తన్నారా ఏటి? అక్షింతలు తెమ్మంటారా?" అంది చివరికి. గదిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కానీ కొన్నాళ్ళకు, ఆ ఆగిన క్షణంలో ఆమె కళ్ళు చూడటం అలవాటయింది. ఎదుటి మనిషి సిద్ధంగా ఉందో లేదో అంత దగ్గరగా అంతకు ముందు నేనెవరినీ చూసి ఎరగను.

ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి ప్రదర్శన. కథ చిన్నది. పని పోయినవాడు ఇంటికొస్తాడు. భార్య పళ్ళెంలో మరమరాలు కలుపుకుని తింటూ ఉంటుంది. తన కోసం ఆగలేదేమని కొడతాడు. పళ్ళెం ఎగిరిపడుతుంది. వాడు బయటికి వెళ్ళిపోతాడు. నేను కొట్టాను. పళ్ళెం ఎగిరింది. నేను తిరిగి నిటారుగా నడుచుకుంటూ బయటికి పోతుంటే వెనక వరసల నుంచి ఈలలు. "అదీ దెబ్బ, గురూ!" అని ఎవరో అరిచారు. చప్పట్లు పడ్డాయి. నా ఛాతీ ఉప్పొంగిందని దాచను. చిన్నాన్న తెర వెనక్కి వచ్చి నా వీపు తట్టాడు. "ఇన్నాళ్ళకి మన ఇంటి మగాడిలా నిలబడినావురా. వచ్చే ఆదివారం మళ్ళీ ఆడతారంట కదా, మనోళ్ళందర్నీ తోలుకొస్తాను."

పార్వతి అద్దం ముందు కూర్చుని రంగు తుడుచుకుంటోంది. నా చెయ్యి ఆమెను తాకనే లేదు. అయినా చెంప మీద గుడ్డ పెట్టుకుని అలాగే ఉండిపోయింది. ఏమయిందని టీచర్ అడిగితే, "దెబ్బ తగల్లేదు టీచరమ్మా. ఆ ఈలే తగిలింది" అంది.

టీచర్ నేరుగా ఇన్‌స్టిట్యూట్ కమిటీ పెద్దాయన దగ్గరకు వెళ్ళి అన్నారు, "ఇంకొక్క ఆట. ఆదివారం కూడా ఈల పడితే ఈ నాటిక ఇంక నేను ఆడించను. ఈలల కోసం ఆడమనిషిని కొట్టించలేను బాబూ." పెద్దాయన నెత్తి గోక్కున్నాడు. "అరె దీదీ, పబ్లిక్‌కి నచ్చింది కదా!" "అదే నా బాధ" అన్నారావిడ.

దెబ్బ తీసేద్దామని నేనే సలహా ఇచ్చాను. పార్వతి ఒప్పుకోలేదు. "తీసేస్తే దెబ్బల్లేవనుకుని ఇంటికి పోతారు" అంది. మర్నాడు సాయంత్రం టీచర్ ఒక మార్పు చెప్పారు. కొట్టాక మొగుడు బయటికి పోకూడదు. ఆ చిందిన మరమరాలు తానే ఏరాలి. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్కటీ. భార్య కదలదు. మాటల్లేవు. ఏరడం అయ్యాకే తెర.

నేను కుదరదన్నాను. చిన్నాన్న ముందు, మా బంధువుల ముందు, వర్క్‌షాపు మొత్తం ముందు, నేలమీద పాకాలా? వేషం వదిలేస్తానన్నాను. ఆవిడ బతిమాలలేదు, కోప్పడలేదు. "శుక్రవారం మా ఇంటికి రా. టీ తాగిపోదువుగాని" అన్నారు.

వెళ్ళాను. వసారాలో పాలు లేని ఎర్ర టీ ఇచ్చారు. నాలో అప్పటికే ఒక అనుమానం తిరుగుతోంది. ఇంత పట్టుదల ఊరికే రాదు, ఆవిడ జీవితంలో ఏదో జరిగి ఉంటుందని. నీళ్ళు నములుతూ అడిగేశాను. ఆవిడ గట్టిగా నవ్వి, లోపలికి కేక వేశారు. "ఏవండోయ్, మీరు నన్నెప్పుడైనా కొట్టినారా అని అడగతన్నాడు ఈ బాబు!" లోపల రేడియో పక్కనున్న ఆయన, "నాకంత ధైర్యం ఎక్కడిదే!" అన్నారు. అప్పుడు ఆవిడ నా వైపు తిరిగి మెల్లిగా అన్నారు, "తగిలితేనే తెలియాలా నాయనా? పక్కింట్లో చప్పుడు నాకూ వినపడతాది కదా."

తరవాత, "మీ తాతగారి నడక ఏదో ఉందంట కదా, ఓసారి చూపించు" అన్నారు. వెటకారమేమోనని ముఖం చూశాను. కాదు. వసారా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. మళ్ళీ నడవమన్నారు. చర్చిలో పిల్లలు పాట సరిగా ఎత్తుకున్నప్పుడు వినేటంత శ్రద్ధగా చూశారు.

"ఎంత బాగుందో. అన్నీ పోగొట్టుకున్న మనిషి, ఎవరికీ ఏ హానీ చేయకుండా నడిచిన నడక అది" అన్నారు. టీ గ్లాసు కింద పెట్టి, "మొన్న ఆటలో ఈల దెబ్బకి పడలేదు రాజూ. కొట్టేసి నువ్వు నడిచిన నడకకి పడింది. ఆకలితో తింటన్న ఆడదాన్ని కొట్టినోడికి నీ తాత నడక ఎందుకిచ్చినావు?"

ఆ నడకను ఒకరు అంత గౌరవించి మాట్లాడటం అదే మొదటిసారి. దాన్ని నేనెక్కడ పారేశానో చూపించింది కూడా ఆ నోరే.

ఆదివారం హాలు నిండిపోయింది. చిన్నాన్న మొదటి వరసలో, ఇస్త్రీ చొక్కాలో, చుట్టూ బంధువులు. పార్వతి ఊపిరి వదిలింది. నా చెయ్యి కదిలింది. పళ్ళెం ఎగిరింది. వెనక నుంచి ఒక ఈల లేచింది, మరొకటి అందుకుంది. నేను బయటికి పోలేదు. నిలబడ్డాను. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో నిజంగానే తెలియలేదు. తరవాత మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఈలలు సగంలోనే తెగిపోయాయి.

రిహార్సల్లో ఎవరమూ ఊహించనిది ఒకటి జరిగింది. రంగస్థలం పక్కన పెద్ద ఫ్యాను తిరుగుతోంది. మరమరాలు నిలవవు. నేను ఏరబోయిన చోటు నుంచి జారి అవతలికి పోతున్నాయి. వాటి వెంట పాకాల్సి వచ్చింది. హాల్లో నవ్వులు. చిన్నాన్న ముఖం దించుకోవడం ఓరకంట కనపడింది. లేచి వెళ్ళిపోదామనిపించింది. అంతలో ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి ఒక ముసలి గొంతు, "ఆ బల్ల కింద కూడా ఉన్నాయి. ఏరు, నాయనా, ఏరు" అంది. ఆ మాటకు ఆడవాళ్ళు నవ్వారు. మగవాళ్ళ నవ్వు ఆగిపోయింది. నేను బల్ల కింద దూరి ఏరాను. తల ఎత్తి చూస్తే పార్వతి అలాగే కూర్చుని నన్ను చూస్తోంది. క్షమించినట్టూ లేదు, కోపంగానూ లేదు. నేను ఏరుతూనే ఉన్నాను. హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప మరేదీ లేదు. తెర పడ్డాక కూడా ఎవరూ వెంటనే చప్పట్లు కొట్టలేదు.

తెర వెనక టీచర్ నా మోకాళ్ళకంటిన దుమ్ము తన కొంగుతో దులిపారు. "ఈల నిలవలేదు కదా. పైసారి ఫ్యాను ఆపించొద్దు. తిరగనీ" అన్నారు. ఆ నాటిక బతికిందని నాకు అలా తెలిసింది. చిన్నాన్న ఆ రాత్రి నా కోసం ఆగకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న, పిన్ని పొయ్యి దగ్గర ఉంటే, ఎన్నడూ లేనిది తన కంచం తానే కడిగి బోర్లించాడు.

సుగుణ టీచర్ పోయి కొన్నేళ్ళయింది. నాకు కోపం తగ్గలేదు. అది వచ్చేటప్పుడు ముందు వెన్నులోకే వస్తుంది. నడుము బిగుస్తుంది, ఛాతీ లేస్తుంది, గొంతు దాని వెనకే వస్తుంది. అప్పుడు నేను ఎక్కడుంటే అక్కడ కూర్చుంటాను. స్టూలుంటే స్టూలు మీద, లేకపోతే గడప మీద, ఏదీ లేకపోతే నేలమీద. పెళ్ళయిన కొత్తలో, ఆ నాటిక సంగతి ఎరగని మా ఆవిడకు ఇది అర్థమయ్యేది కాదు, ఒంట్లో బాగులేదేమోనని కంగారుపడేది. ఇప్పుడైతే నేను కూర్చోగానే చేతిలో పని పక్కన పెట్టి, తానూ ఎదురుగా వచ్చి కూలబడుతుంది.

"కూసున్నారా? సరే, ఇప్పుడు సెప్పండి, ఏటయింది?" అంటుంది.