టవాలు కింది చెయ్యి

మహానంది మగ్గం గుంతలో కూచున్న కాలం కన్నా తుపాకీ మోసిన కాలమే ఎక్కువ. చేనేత ఇంట్లో పుట్టినవాడు. మగ్గం మూలపడ్డాక ఊరి నాయకుడి దగ్గర గన్‌మన్‌గా కుదిరాడు. ఆ నాయకుణ్ణి ఊరంతా 'అన్న' అంటారు. అన్న లైసెన్సు తుపాకీని మోసీ మోసీ మహానంది ఎడమ భుజం ఓ పక్కకు వంగిపోయింది.

ఎన్నికల కోడ్ రాగానే పోలీసులు లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో పెట్టించుకున్నారు. మంచి పనే. మరి ఇన్నేళ్లుగా జనం గుండెల్లో పేరుకున్న భయాన్ని ఏ స్టేషన్లో జమ చేయించుకుంటారు?

పోలింగు నాడు పొద్దున్నే అన్న నవ్వుతూ చెప్పాడు. "తుపాకీ లేకుంటే ఏమప్పా? చేతి మీద టవాలు కప్పుకోని ఓట్లేసే బడి దోవలో నిలబడు. కింద ఏముండాదో వాళ్లే అనుకుంటారు. మగ్గాల వీధి ఓట్లు పడగూడదు, అంతే."

మహానంది నిలబడ్డాడు. ఓ కానిస్టేబుల్ వచ్చి టవాలు ఎత్తి చూశాడు. "ఖాళీ చేతి మీద ఏం కేసు పెట్టేదప్పా?" అని గొణుక్కుంటూ పోయాడు.

కాసేపటికి మగ్గాల వీధి ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. టవాలు చూసి ఆగిపోయారు.

"పదండమ్మా ఇండ్లకి," అంది మహానందికి వరుసకు పెద్దమ్మయ్యే కృష్ణవేణమ్మ. "నా మొగుణ్ణి కాల్చింది ఇట్లాంటి టవాలు కిందనుంచే."

గుంపు వెనక్కి తిరిగింది. ఒక్క పిల్ల మాత్రం తిరగలేదు. మహానంది కూతురు శిల్ప. మొదటి ఓటు.

"నాయనా, ఆ టవాలు కింద ఏముండాది?"

"నీకెందుకే? ఇంటికి పో."

"అన్నం తినేది గూడా ఆ చేత్తోనే గదా. చూపీ."

వెనక జీపులోంచి అన్న తమ్ముని కొడుకు భూపేష్ కేకేశాడు. "మహానందీ! కదిలినావంటే సూడు. నువ్వుండే ఇల్లు అన్న సొంతం. గుర్తు పెట్టుకో!"

వీధి మూల మీద కృష్ణవేణమ్మ ఆగి చూస్తోంది. శిల్ప ఇంకో అడుగు ముందుకేసింది. టవాలు కింద తుపాకీ ఉందనే అనుకుంటోంది. ఉందనుకునే వస్తోంది.

మహానందికి కళ్లలోకి చెమట దిగింది. మే నెల ఎండ. టవాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

అందరికీ కనపడింది. ఐదు వేళ్లు. అంతే.

"ఓరి, నీ చెయ్యి పాడుగాను!" అంది కృష్ణవేణమ్మ. "దీన్ని చూసా మేము వెనక్కి తిరిగింది?" కొంగు దోపుకుని బడి వైపు నడిచింది. ఆడవాళ్లంతా ఆమె వెంట కదిలారు.

జీపులో భూపేష్ ఫోనందుకున్నాడు. "అన్నా, టవాలు తీసేసినాడు."

ఆ మాట మహానంది విన్నాడు. రేపటికి ఇల్లు ఉండదని తెలుసు. ఇంకేమేం ఉండవో తెలియదు. నేరుగా పోయి మగవాళ్ల వరస చివర నిలబడ్డాడు. ముందున్నాయన వెనక్కి తిరిగి చూసి, బెదిరి పక్కకు జరిగాడు. మహానంది టవాలు మడిచి చంకలో పెట్టుకుని, రెండు చేతులూ అందరికీ కనపడేట్టు ముందుకు పెట్టుకున్నాడు.