సలోమక్క నొక్కని బటన్

2008లో భద్రాచలం బస్టాండు దగ్గర నాకు ఆరు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటరు ఉండేది. హాల్ టికెట్లు, రిజల్టులు, బయోడేటాలు, మధ్య మధ్యలో పెళ్ళి కార్డులు. కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికి కూడా తెలియదు కాబట్టి, వచ్చినవాళ్ళకు నేను నేర్పే మొదటి పాఠం ఒకటే: "సేవ్ కొట్టకుండా సీటు లేవొద్దు." కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు కూడా అంటించాను. చివరికి ఆ పాఠమే నా మెడకు చుట్టుకుంది.

సలోమక్క పినపాక వైపు పల్లెల్లో ఏఎన్ఎం. అంటే గర్భిణులను, పసిపిల్లలను చూసుకుంటూ, టీకాలు వేస్తూ ఊరూరూ తిరిగే నర్సు. ఆదివారాలు భద్రాచలంలో కూతురింటికి వచ్చేది. చర్చి అయిపోగానే మా సెంటరుకు వచ్చి నాలుగో నంబరు కంప్యూటరు ముందు కూర్చునేది. పల్లెల్లో తాను విన్న మాటలన్నీ రాసిపెట్టాలని ఆమె కోరిక. నేనే ఒక బ్లాగు తెరిచి ఇచ్చాను. ఎవరైనా వాడుకోవడానికీ, మార్చుకోవడానికీ వీలుండే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు మీద నడిచే బ్లాగు అది.

రాసినప్పుడల్లా ప్రివ్యూ తీసి నాకు చూపించేది. ప్రివ్యూ అంటే పేజీ అచ్చయ్యాక ఎలా ఉంటుందో ముందే చూపించే బటన్. బాగా రాసేది, నిజంగా బాగా రాసేది. ఏడాది గడిచాక ఒక ఆదివారం అడిగింది.

"ఒక్కలన్న ఒక్క ముక్క రాస్తలేరేంది తమ్ముడూ? సదువుతున్నరా అసలు?"

"సదువుతరు అక్కా. తెలుగోళ్ళకు కామెంట్ రాసే బుద్ధి ఉండదు, గంతే," అన్నాను. అన్నీ తెలిసినవాడిలా.

ఆ రోజుల్లోనే ఖమ్మంలో ఓపెన్ సోర్స్ వెబ్ పబ్లిషింగ్ మీద ఒకరోజు సదస్సు పెట్టాం. ఒక కాలేజీ వాళ్ళు సెమినార్ హాలు ఇచ్చారు. హైదరాబాద్ నుంచి వక్తలు వస్తున్నారు. నిర్వాహకుల్లో నేనూ ఒకణ్ణి. కుర్చీలు వేయించడం దగ్గర్నుంచి ప్రొజెక్టరు దాకా నా పనే. మన వైపు నుంచి కూడా ఒక గొంతు ఉండాలని పట్టుబట్టి, సలోమక్క రాసినవి ప్రింటు తీసి అందరికీ చూపించి, ఆమె పేరు వక్తల జాబితాలో పెట్టించాను. ఆమె ప్రసంగానికి పెట్టుకున్న పేరు "జవాబు రాకున్నా రాయడం".

సదస్సు రోజు పొద్దున ప్రొజెక్టరు సరిచూస్తూ, కాలేజీ కంప్యూటర్లో ఆమె బ్లాగు చిరునామా కొట్టాను. తెర మీద బ్లాగు పేరు వచ్చింది. దాని కింద, కొత్త బ్లాగు తెరవగానే సాఫ్ట్‌వేరు దానంతట అదే రాసుకునే స్వాగత వాక్యం ఒకటి. అంతే, ఇంకేమీ లేదు.

రాసినవన్నీ ఏడాదిగా డ్రాఫ్టులుగా, అంటే చిత్తుప్రతులుగానే ఉండిపోయాయి. లాగిన్ అయిన ఆమెకు, ఆమె భుజం మీంచి చూసిన నాకు తప్ప లోకంలో ఎవరికీ అవి కనబడలేదు. నేను ఒక్కసారన్నా ఇంకో కంప్యూటర్లో తెరిచి చూసి ఉంటే ఆ మొదటి నెలలోనే తెలిసేది. దీపం కిందే చీకటి అంటారే, అదే.

పక్కనే ఉన్న శ్రీనిధి విషయం పసిగట్టింది. హైదరాబాద్ నుంచి వచ్చిన వక్తల్లో ఒకతె, ఇలాంటి సాఫ్ట్‌వేర్లను తెలుగులోకి తెచ్చే అమ్మాయి.

"అన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి పబ్లిష్ కొట్టేద్దామండీ. ఆవిడకి చెప్పక్కర్లేదు," అంది.

పాస్‌వర్డ్ తెలిసి ఉంటే నేను ఆ పని చేసేవాణ్ణే. ఇప్పుడు గొప్పలు చెప్పుకుని లాభం లేదు. అది సలోమక్కకు మాత్రమే తెలుసు కాబట్టి, వరండాలో టీ తాగుతున్న ఆమె దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆమె టీ తాగడం ఆపి నా వైపు తిరిగింది.

"అంటే ఏడాది సంది నేను రాసుకున్నది నేనే సదువుకుంటున్ననా?"

"పబ్లిష్ అనే బటన్ కనపడలేదా అక్కా?"

"ఎందుకు కనపడలే? కనపడ్డది. అది మనది కాదనుకున్న. మా రిజిస్టర్ నేను రాస్త, పైన డాక్టర్ సారు సంతకం పెడ్తడు. సంతకం కాకుంటే అది లెక్కల్నే లేదు. గట్లనే పైన ఎవలో సూసి నొక్కుతరేమో అనుకున్న. నువ్వు సేవ్ కొట్టమన్నవ్, కొట్టిన." టీ గ్లాసు గోడ మీద పెట్టింది. "ఇంకా నొక్కుతలేరంటే నా రాత బాగలేదేమోనని, ఇంకింత మంచిగ రాసిన."

ఆ చివరి మాటకు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడ్పొచ్చింది కూడా.

"నేనేం మాట్లాడ తమ్ముడూ. సదివినోళ్ళే లేరాయె, జవాబు రాలేదని ఏం సెప్పాలె? బస్సెక్కి పోత," అంది.

శ్రీనిధి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "నా ప్రసంగం విని వెళ్ళండి మేడమ్, తర్వాత మీ ఇష్టం" అని తీసుకెళ్ళి వెనక వరసలో కూర్చోబెట్టింది. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. శ్రీనిధి ఆ రోజు తాను తెచ్చుకున్న కాగితాలు పక్కన పెట్టేసి ఒక్క విషయమే చెప్పింది: ఈ సాఫ్ట్‌వేరుకు పైన ఎవరూ లేరు. ఎవరి బ్లాగుకు వారే యజమాని, వారే సంపాదకులు.

తర్వాత సలోమక్క పేరు పిలిచారు. ఆమె లేచి, చీర కొంగు సర్దుకుని, నేరుగా వేదిక మీదికి నడిచింది.

"నేను సెప్దామనుకున్నది వేరే. పొద్దున దాక నాకు తెల్వది, నా బ్లాగు ఎవలకూ కనపడలేదని," అని మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. రిజిస్టరు, సంతకం, నా గోడ మీది కాగితం ఏదీ వదల్లేదు. హాలు హాలంతా నవ్వింది, అందరికంటే ముందు ఆమే నవ్వింది. "ఇంకింత మంచిగ రాసిన" అనే చోట మాత్రం ఎవరూ నవ్వలేదు.

తర్వాత లాగిన్ అయి, ఒక టపా తెరిచి, అందరూ చూస్తుండగా పబ్లిష్ నొక్కింది. తెలుగు బ్లాగర్లు పోస్టును టపా అంటారు. ఆ టపా పేరు "నొప్పి మాటలు". పల్లెల్లో పోటు వేరు, సలుపు వేరు, గుంజుడు వేరు అని రాసింది. ఒకసారి ఒక ముసలమ్మ "కాళ్ళు తీపులు" అంటే, తెలుగు అంతగా రాని కొత్త డాక్టరు తీపి అనుకుని షుగర్ పరీక్ష రాశాడట. "తీపులంటే లోపల్నుంచి లాగే నొప్పి సార్" అని తాను సర్దిచెప్పిన సంగతి చదువుతుంటే జనం పొట్టలు పట్టుకున్నారు.

పక్కనున్న ల్యాబులో కూర్చున్న ఎవరో వెంటనే కామెంట్ రాశారు. డాష్‌బోర్డులో, అంటే బ్లాగు యజమానికి మాత్రమే కనబడే పేజీలో, అది వచ్చి నిలబడింది: "మా బోనకల్ దిక్కు దీన్ని పీకుడు అంటం మేడమ్." పక్కనే ఆమోదం కోసం వేచి ఉందన్న సూచన.

సలోమక్క నా వైపు చూసింది. "దీనికి ఎవలు ఒప్పుకోవాలె తమ్ముడూ?"

"నువ్వే అక్కా."

"అవ్ మల్ల! సంతకం నాదేనా!" అని మౌసు పట్టుకుంది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

మిగిలిన టపాలన్నీ ఒకేసారి పబ్లిష్ చేద్దామన్నాను, ఒప్పుకోలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ల్యాబులో కూర్చుని, ఒక్కొక్కటీ మళ్ళీ చదివి, ఒక్కొక్కటీ తన చేత్తోనే నొక్కింది.

ఈ వృత్తిలో నేను చాలామందికి కీబోర్డు నేర్పాను. ఏ మీట ఏం చేస్తుందో చెప్పాను గానీ, అది ఎవరిదో చెప్పాలని ఆ రోజు దాకా నాకు తట్టలేదు. ఆ తర్వాతి ఆదివారం సలోమక్క చర్చి నుంచి వచ్చి, నా గోడ మీది కాగితం చూసి, పెన్ను అడిగి తీసుకుని, "సేవ్ కొట్టకుండా సీటు లేవొద్దు" అన్న నా వాక్యం కింద తన గుండ్రటి అక్షరాలతో ఇంకొకటి రాసింది: "పబ్లిష్ గూడ మనదే."